యాదమ్మ తట్టలో ఐసు చేప

మా చిన్నప్పుడు వనస్థలిపురంలో, ఆదివారం పొద్దున్నే మా గేటు ముందు చేపల తట్ట దిగిందంటే మొదటి మాట నాదే...

తట్ట యాదమ్మది. వాళ్లాయన ఎల్బీ నగర్ అవతల ఒక చెరువులో వల వేసేవాడు. పట్టినవి ఆవిడ నెత్తిన పెట్టుకుని మా గల్లీ అంతా తిరిగేది. మాది భీమవరం వైపు. మా అమ్మ దగ్గర నేను నేర్చుకున్న మొదటి విద్య చేపను చూడటం. మొప్ప ఎత్తితే ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట పడకూడదు. ఎనిమిదేళ్లకే ఇందులో నాకు తిరుగులేదని పెద్ద గీర...

"ఇన్‌స్పెక్టరమ్మ ఒచ్చినంకనే బేరం" అని యాదమ్మ తట్ట మీది గోనెపట్టా తీసేది కాదు. నేను చూసి "బాగుంది" అంటే ఎదురింటి పద్మక్కతో సహా అందరూ గిన్నెలు పట్టుకొచ్చేవారు. ఆవిడ కత్తిపీట కాలికింద తొక్కిపెట్టి, బూడిద రాసి పొలుసు తీస్తుంటే నేను పక్కనే గొంతుక్కూర్చునేదాన్ని.

ఒక ఎండాకాలం ఆదివారం... మొప్ప ఎత్తి చూస్తే పాలిపోయి ఉంది. నొక్కితే వేలిగుర్తు అలాగే ఉండిపోయింది. తట్ట అడుగున ఐసు కరిగిన నీళ్లు. అప్పటికే పద్మక్క గిన్నెతో నిలబడి ఉంది.

"ఇది చెరువు చేప కాదు. ఐసు చేప" అన్నాను. గల్లీ అంతా వినపడేలా అన్నాను. నన్ను మెచ్చుకుంటారనుకున్నాను.

పద్మక్క గిన్నె వెనక్కి తీసుకుంది. "గట్లయితే మాకొద్దు యాదమ్మా. చెరువు శాపలనే తీసుకుంటున్నం ఇన్నొద్దులు" అంది. మిగతావాళ్లు కూడా ఒక్కొక్కరే లోపలికి వెళ్లిపోయారు.

యాదమ్మ నా మీద కోప్పడలేదు. "ఔ బిడ్డా, ఐసుదే. చెర్వుల మోరీ నీళ్లు కలిసినయ్. శాపలన్ని సచ్చి తేలినయ్. అవి మీకెట్ల పెట్టాలె... అందుకే మార్కెట్ల కొనుక్కొచ్చిన" అంది.

ఆ మాట వినడానికి అక్కడ మిగిలింది అమ్మా నేనూ మాత్రమే. అమ్మ "వచ్చే వారం చూద్దాంలే యాదమ్మా" అంది. మేం కూడా కొనలేదు. నిండు తట్ట నెత్తికెత్తుకోవాలంటే ఇంకొకరు చెయ్యి వేయాలి... అమ్మే వేసింది.

ఆ సెలవుల్లో భీమవరం దగ్గర మా మావయ్యగారింటికి వెళ్లాం. ఆయనకి చేపల చెరువులున్నాయి. తెల్లవారుజామున చేపలు పట్టడం చూడ్డానికి తీసుకెళ్లాడు. పదిమంది పీకల్లోతు నీళ్లలో వల లాగుతున్నారు. ఆ చెరువు వాళ్లది కాదు, ఆ చేపలూ వాళ్లవి కాదు. కూలీతో పాటు ఇంటికి తలా ఒక చేప... అంతే. ఒడ్డున ఐసు దిమ్మలు పగలగొట్టి, ఒక వరస ఐసు, ఒక వరస చేప, పెట్టెల్లో సర్ది లారీకి ఎక్కిస్తున్నారు.

"ఈ లారీ ఎక్కడికెళ్తుంది మావయ్యా?" అని అడిగాను.

"మీ హైదరాబాదుకేనమ్మా. రేపు తెల్లారేసరికి అక్కడుంటది. రేటు మట్టుకు మన చేతిలో లేదు. అక్కడి కమీషన్‌ వాళ్లు ఫోన్లో ఎంతంటే అంతే" అన్నాడు.

నేను గల్లీలో అందరి ముందూ పరువు తీసిన చేప మా మావయ్య చెరువుదే అయ్యుండొచ్చు...

అంతదూరం వచ్చిన సరుకులో మంచివన్నీ ముందు పెద్ద షాపుల వ్యాన్లు ఎత్తుకుపోతాయట. మిగిలిందే తట్టల ఆడవాళ్లకి. ఇది నాకు ఎవరూ అప్పుడు చెప్పలేదు. చాలా ఏళ్లకి తెలిసింది.

సెలవులయ్యాక వచ్చి ప్రతి ఆదివారం గేటు దగ్గర నిలబడ్డాను. యాదమ్మ రాలేదు.

చలికాలంలో ఒకరోజు నాన్నతో చంపాపేట్ మార్కెట్‌కి వెళ్తే కనబడింది. ఎవరిదో చేపల దుకాణం ముందు కత్తిపీట వేసుకుని కూర్చుంది. చేప వేరేవాళ్లది, కోసిపెట్టడం వరకే ఆవిడ పని. నేను నాన్న వెనక నక్కాను. ఆవిడే చూసింది.

"ఇన్‌స్పెక్టరమ్మ ఒచ్చింది" అని నవ్వి, నాన్న కొన్న చేపను నా ముందు పెట్టింది. "జూసి చెప్పు బిడ్డా."

"బాగుంది" అన్నాను, తల వంచుకునే.

"జూడకుండనే చెప్తవా? గట్ల చెప్పొద్దు. జూసే చెప్పాలె" అంది. మొప్ప తనే ఎత్తి పట్టుకుంది.

చూశాను. ఎర్రగా ఉంది. బాగుందనే చెప్పాను. క్షమించమని కూడా చెప్పాలనుకున్నాను గానీ ఏడుపు వచ్చేసింది. ఆవిడ చేప కోసి, అమ్మకి పులుసులోకి ఇష్టమని తల వేరే కవర్లో కట్టి ఇచ్చింది. మా ఇంటి సంగతి ఏదీ మర్చిపోలేదు ఆవిడ.

ఇప్పుడు నేనుండేది దిల్‌సుఖ్‌నగర్‌లో. ఫోన్లో నొక్కితే అరగంటలో చేప వస్తుంది. ముక్కలై, కడిగి, ప్యాకెట్లో... తల ఉండదు, మొప్ప ఉండదు. వల ఎవరు లాగారో, ఎవరు కోశారో తెలియదు. బాగుందా లేదా అని అడిగే మనిషి లేడు, యాపే నక్షత్రాలు నొక్కమంటుంది. నేను ఇంతవరకూ ఒక్కసారి కూడా నొక్కలేదు. చూడకుండా ఎలా చెప్పను...

మీ గల్లీకి కూడా ఎవరో ఒకరు చేపలు తెచ్చే ఉంటారు. పేరు గుర్తుంటే కింద రాయండి. మాకు తెచ్చినావిడ పేరు యాదమ్మ.