నన్ను ఖాళీ మనిషిని చేసిన కాగితం

పోయిన మంగళవారం పొద్దున్న సరిగ్గా పదిన్నరకి, భావనపాడులో మా ఇంటి అరుగు మీద నన్ను ఖాళీ మనిషిని చేసేశారు.

చేసింది మా ఆయన. రాసుకున్నది టెక్కలిలో చదువుకుంటున్న ఒక అమ్మాయి. ముసలితనంలో జనం ఏం పని చేసేవారో, ఎప్పుడు మానేసేవారో పాత జనాభా లెక్కల్లో వెతుకుతోందట. ఆ పేజీలు జిరాక్సు తీసి తెచ్చింది. వాటి ప్రకారం మా తీరంలో ముసలి మగాళ్ళంతా పనిలోనే ఉన్నారు, ముసలి ఆడవాళ్ళంతా ఊరికే కూర్చున్నారు. నిజమేనా అని ఇప్పటి ముసలివాళ్ళని అడగడానికి వచ్చింది.

"తాతా, మీరేం పని చేస్తారు?"

"సేపల ఏట," అన్నాడు మా ఆయన, మంచం మీంచి లేవకుండా.

"సముద్రం మీదికి ఎప్పుడు వెళ్ళారు?"

"ఈ వారం కెరటాలు బాగోలేవమ్మా."

ఆయనకి కెరటాలు ఎనిమిదేళ్ళుగా బాగోలేవు. మోకాళ్ళు పట్టేసిన దగ్గర్నుంచీ అంతే. ఆయన్నొక్కణ్ణే అనడం తప్పు. మా వైపు ఏ మగాడూ వేట మానేశానని నోటితో చెప్పడు. గాలి బాగోలేదంటాడు, వల చిరిగిందంటాడు, అలా అంటూనే పోతాడు. ఆ పాత పేజీల్లోని పనిమంతుల్లో మా మామగారు కూడా ఉండే ఉంటారు.

"మరి మామ్మగారు?"

"దానికేటి పనమ్మా? ఇంటికాడే ఉంటాది."

అప్పుడు నేను వాకిట్లో ఎండేసిన కవళ్ళ చేపలు తిరగేస్తున్నాను. అరవై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని, ఏ కాగితం కనపడినా వదలను. వెళ్ళి వంగి చూశాను. ఆయన గడిలో 'చేపల వేట'. నా గడిలో 'పని లేదు'. కూడబలుక్కుని రెండుసార్లు చదివాను. మా అత్త చచ్చే ఏడాది దాకా చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగింది. ఆవిడా ఆ పేజీల్లో ఖాళీయే అన్నమాట. నేను మాత్రం అలా మిగలదల్చుకోలేదు.

చేతులు కడుక్కుని, మా ఆయన్ని జరగమని మంచం మీద కాళ్ళు బారజాపుకు కూర్చున్నాను.

"ఏటే, సేపలొగ్గేసి ఇలాగొచ్చీసేవు?"

"నాకు పని లేదు కదా మావా. కాగితంలో ఉంది."

కాకులు దిగాయి. ముందు రెండు, తర్వాత బలగమంతా.

పక్కింటి వదిన గోడ మీంచి కేకేసింది. "ఓలమ్మ! సేపలన్నీ కాకులెత్తుకుపోతన్నాయి, ఏటి సేత్తన్నావు?"

"ఖాళీగా ఉన్నాను వదినా. మీ అన్నయ్యే పనోడు, ఆయన్నడుగు."

మా ఆయన కర్ర పుచ్చుకుని వాకిట్లోకి ఉరికాడు. ఆ మోకాళ్ళు అలా కదలడం చూసి నాకే ముచ్చటేసింది. ఇటు తోలితే కాకులు అటు దిగుతున్నాయి.

"ఓలే, లెగవే!"

"ముందు రాయించు."

"రాసీ తల్లీ! సేపలెండేత్తాది, అమ్ముకొత్తాది, కూడొండుతాది... అన్నీ రాసీ! దాన్ని లెగమను!"

అమ్మాయి నవ్వాపుకోలేక పెన్ను నా చేతికే ఇచ్చింది. 'పని లేదు' కొట్టేసి, 'చేపలు ఎండేయడం, అమ్మడం, వంట' అని వంకర అక్షరాలతో రాశాను. 'ఎప్పుడు మానేశారు' అన్నచోట 'మానలేదు' అని రాశాను.

పెన్ను పక్కనున్న ఆయన గడి దాకా వెళ్ళింది. వాకిట్లోంచి ఆయన రొప్పుతూ నన్నే చూస్తున్నాడు. 'చేపల వేట' జోలికి పోలేదు నేను. దాని కింద 'కాకులు తోలడం' అని మాత్రం చేర్చాను.

ఇదంతా కల్పించి చెబుతున్నానని ఆయన ఊరంతా చెప్పుకుంటున్నాడు. అప్పుడక్కడ ఉన్నది నేను, మా ఆయన, టెక్కలి అమ్మాయి, గోడవతల పక్కింటి వదిన. అనుమానముంటే వదిన్నడగండి.