అసలు స్టాంపుకు నేనిచ్చిన తీర్పు

స్టాంపుల విషయంలో సిద్దిపేటలో నన్ను మించినవాడు లేడని ఎనభైల చివర్లో నాకు గట్టి నమ్మకం. మా హైస్కూల్లో నేను సోషల్ సారును. ఏటా బడిలో పెట్టే ఎగ్జిబిషన్‌లో ఒక బల్ల నిండా నా ఆల్బములే ఉండేవి. పులులు, రాకెట్లు, మ్యాపులో వెతికినా దొరకని దేశాల రాజులు. అన్నీ హైదరాబాదు ఫుట్‌పాత్ మీద ప్యాకెట్ల లెక్కన కొన్నవే.

ఆ ఏడు కొండపాక నుంచి బదిలీ మీద ఒక డ్రాయింగ్ సారు వచ్చాడు. ఇల్లు మా ఊళ్లోనే. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాడు, బోర్డు మీద మాత్రం తెలుగు మా తెలుగు సారు కంటే అందంగా రాసేవాడు. పిల్లలు ఆయన వెంటే తిరిగేవాళ్లు. అక్కడే నాకు కడుపుమంట మొదలైంది.

ఒక మధ్యాహ్నం స్టాఫ్‌రూంలో ఆయన ఒక పాత కవరు తీసి నా ముందు పెట్టాడు.

"మా దాదిమా బెజ్జంకిల తల్లిగారింట్ల ఉన్నప్పుడు మా తాత గీడికెళ్లి రాసిన చిట్టీలు సార్. సందూకల ఓ కట్ట దొరికింది. జర చూడున్రి, గీ స్టాంపు అసలుదేనా?"

హెడ్మాస్టరు పక్కనే ఉన్నాడు. "ఈసారి స్టాంపులకు ఒక్క బల్లనే. అసలు సరుకు ఎవరి దగ్గరుంటే వాళ్లదే పెడుదాం" అన్నాడు.

భూతద్దం తీశాను. నిజాం కాలం నాటి అణా స్టాంపు, చార్మినార్ బొమ్మ. అంచు పళ్లు ఒక్కటీ విరగలేదు. తపాలా ముద్ర సగం స్టాంపు మీద, సగం కవరు మీద పడింది, గీత ఎక్కడా తెగలేదు. అతికించిన తర్వాతే ముద్ర కొట్టారనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. పైగా ఆ ముద్రలో మా ఊరి పేరు చదవడానికి వస్తోంది. అలాంటిది నేను అప్పటిదాకా చూసి ఎరగను. నా ప్యాకెట్ స్టాంపులకు ముద్రా ఉండేది, వెనక జిగురూ ఉండేది. ఉత్తరం మీద ఊళ్లు తిరిగిన స్టాంపుకు జిగురు ఎలా మిగులుతుంది? అమ్ముకోవడానికే అచ్చేసి, మూలకు ముద్ర కొట్టిన సరుకు అది. ఆ సంగతి నాకు తెలుసు. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఏ కష్టమూ పడకుండా, సందూక మూత తెరిస్తే ఆయనకు దొరికింది. నేను కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను.

"నకలే సార్" అన్నాను.

"మా తాత చేతిరాత సార్ గది. దాని మీద నకలు ఎట్లొస్తది?"

ఇక వెనక్కి తగ్గితే నా పరువు పోతుంది. "పోస్టాఫీసును మోసం జెయ్యనీకె ఆ కాలంల గిసొంటి దొంగ స్టాంపులు అచ్చేసెటోళ్లు. మీ తాత సస్తగ దొరికినయని కొన్నట్టుండు" అన్నాను. నోటికొచ్చిన అబద్ధం. అంత నున్నగా ఎలా వచ్చిందో నాకే ఆశ్చర్యం.

ఆయన ముఖం చిన్నబోయింది. "మీరు చెప్పిన్రంటే అంతే సార్" అని కవరును సంచిలో పెట్టుకున్నాడు. బల్ల నాకే దక్కింది.

నాలుగు రోజుల తర్వాత ఆరో తరగతి నోట్సులు దిద్దుతుంటే ఒకదాని అట్ట మీద చార్మినార్ కనిపించింది. రెండోదాని మీదా, మూడోదాని మీదా అదే. అన్నం మెతుకులతో అతికించారు, కొన్నింటికి అంచు పళ్లు చిరిగిపోయాయి. అడిగితే డ్రాయింగ్ సారు ఇచ్చాడన్నారు. తాత ఉత్తరాల మీద దొంగ స్టాంపులు ఉండకూడదని అన్నీ ఊడదీసి పిల్లలకు పంచేశాడట. పిల్లలు వాటిని ఒకరికొకరు చూపించుకుని మురిసిపోతున్నారు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, వాళ్లను చూసి కూడా కుళ్లుకున్నాను.

ఎగ్జిబిషన్ రోజు డ్రాయింగ్ సారు తన తండ్రిని వెంటబెట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, చేతికర్ర పట్టుకున్నాడు.

"అబ్బా, గీ సారే. స్టాంపుల సంగతి ఈయనకే బాగ ఎరుక" అని తండ్రికి నన్ను చూపించాడు.

ముసలాయన నా పులులనూ రాకెట్లనూ వంగి వంగి చూశాడు. చేయి తగిలితే పాడవుతాయేమోనని రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. తర్వాత కొడుకును పక్కకు పొమ్మని, నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"సార్, గా చిట్టీలు రాసిన మా అబ్బాజాన్ తెల్వక కొన్నడు. ఎవ్వలను మోసం జేసెటోడు కాదు. మీరు మనసుల పెట్టుకోకున్రి."

నేను ఆయన భుజం తట్టి, క్షమించినవాడిలా తల ఊపాను.