మఫ్లరన్నకు వేయించిన ఫ్లెక్సీ

చిత్తూరులో మా వీధి మలుపు దగ్గర కరెంటు స్తంభానికి నా చావు ఫ్లెక్సీని నేనే ఆర్డరిచ్చి కట్టించుకున్నాను. అంతటితో ఆగానా? చేతిలో పాలప్యాకెట్టు పట్టుకుని ఆ ఫ్లెక్సీ కిందే నిలబడి, నన్ను చూసి ఏడవడానికి వచ్చిన మనిషికి మా ఇంటికి దారి కూడా చెప్పాను. ఇంతకంటే ఘనకార్యం మీ ఇంట్లో ఎవరైనా చేసి ఉంటే చెప్పండి, ఈ కాగితాలు ఇక్కడే చించేస్తాను. అప్పుడు నాకు అరవై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు డెబ్భై రెండు. చిన్నతనం, ఉడుకు రక్తం, తెలియక చేశాను.

నా చదువు సంగతి ముందే చెప్పేస్తాను, తర్వాత తప్పులు పట్టకండి. ఐదో తరగతిలో నేనూ బడీ ఒకరినొకరం వదిలేసుకున్నాం. అరవం, కన్నడం మైలురాళ్ళ మీద నేర్చుకున్నాను. తెలుగేమో బోండాలు కట్టిచ్చే పేపరు ముక్కల మీద చదువుకున్నాను. నూనె మరక కింద పడిన సగం వార్త కనిపించదు కదా, దాన్ని నేనే ఊహించుకునేవాణ్ణి. ప్రతి వార్తలోనూ ఆ కనిపించని సగంలోనే అన్యాయం దాక్కుని ఉంటుందని నా నమ్మకం. లారీ దిగి ఇంట్లో కూర్చున్నాక ఆ నమ్మకం మరీ ముదిరి మున్సిపాలిటీకి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాను. అన్నీ ఫ్లెక్సీల మీదే. చెవులు కుట్టిస్తే ఫ్లెక్సీ, పుట్టినరోజుకు ఫ్లెక్సీ, పోతే ఫ్లెక్సీ. మలుపులో ఎదురుబండి కనపడకుండా కడితే డ్రైవరనేవాడు ఎట్లా తిప్పాలయ్యా అని నిలదీసి రాశాను. వాళ్ళు జవాబివ్వలేదు. నేను మానలేదు.

ఇక మునిరత్నం. పాకాల మనిషి. ఇరవై రెండేళ్ళు ఒకే లారీలో నాకు జోడీ డ్రైవరు. నేను నడిపితే ఆయన నిద్రపోయేవాడు, ఆయన నడిపితే నేను. ఒకరి చేతిలో ఒకరు ప్రాణం పెట్టి గురకపెట్టామంటే ఆలోచించండి, మొగుడూపెళ్ళాలు కూడా అంత నమ్మరు. అటువంటి మనిషి మా అమ్మాయి పెళ్ళి భోజనాల దగ్గర, కొత్త వియ్యంకుడి ముందర, పాయసం తాగుతూ అన్నాడు కదా:

"మా గోవిందప్ప ముందరికి పోతే పులి. రివర్స్ మాత్రం రాదు. ఇరవై రెండేళ్ళు నేను దిగి, వెనకాల నిలబడి చెప్తేనే బండి వెనక్కి వచ్చింది."

పంక్తి మొత్తం నవ్వింది. డ్రైవరు మీద హత్యానేరం మోపినా ఓర్చుకుంటాడు గానీ రివర్స్ రాదంటే ఓర్చుకోడు. ఆ పూటే మాట్లాడటం మానేశాను. తొమ్మిదేళ్ళు అట్లాగే గడిచాయి. నిజం చెప్పొద్దూ, రెండో ఏడే కోపం చల్లారింది. కానీ ముందు ఫోను చేయడమంటే వెనక్కి రావడమే కదా. అది నాకు నిజంగానే రాదు.

అలా ఉండగా మోకాలికి ఆపరేషన్ అయింది. రెండు నెలలు ఇల్లు కదలొద్దన్నారు. కదలకపోతే నేను రోజుకు మూడు ఉత్తరాలు రాస్తానని మా కోడలు హేమలత భయపడింది. ఇంట్లోంచే కంప్యూటరు మీద ఆఫీసు పని చేసుకునే పిల్ల. మధ్యమధ్యలో టీవీకి ఏదో పెట్టె తగిలించి ఆటలాడుకునేది. ఒకరోజు బొత్తాలున్న రిమోటు లాంటిది నా చేతిలో పెట్టింది.

"మామా, దీంట్లో లారీ ఉండాది. నడుపు."

"నేను పిల్లోడినా హేమా, బొమ్మ లారీ నడిపేదానికి?"

"సరే, వద్దులే. ఆ గేరు మార్చేది సానా కష్టం. నీకు రాదేమో."

ఇంకేముంది, లాక్కున్నాను.

మంచు దేశం. గతుకుల రోడ్లు. ముక్కు పొడుచుకొచ్చిన పాత లారీ. దాన్ని నడిపేవాడు నెరిసిన గడ్డం, మెడ చుట్టూ ఎర్ర మఫ్లరు ఉన్న పెద్దమనిషి. ఆయనకు ఇంగ్లీషు పేరేదో ఉందని హేమ చెప్పింది. నా నాలుకకు అది కుదరలేదు. మఫ్లరన్న అన్నాను. పిండి, మందులు, కిరసనాయిలు, ఎవరో ముసలమ్మకు కుట్టుమిషను ఇట్లాంటివన్నీ ఊరూరూ చేరుస్తాడు. తుపాకీ లేదు, తన్నులాటల్లేవు. బ్రేకు పడని దిగుడులో ఆయన పళ్ళు కొరికితే నా పళ్ళు నొప్పి పుట్టేవి. మొగిలి ఘాటులో నా బ్రేకులు వేడెక్కిన రోజు నా మొహం అచ్చం అట్లాగే ఉండి ఉంటుంది. ఆయనకూ పక్కసీటులో ఒక జోడీ ఉండేవాడు. కథ సగంలో ఇద్దరికీ మాటామాటా వచ్చి ఆ జోడీ దిగి వెళ్ళిపోయాడు. అప్పుడు నేను టీవీకి బుద్ధి చెప్పాను. "పోనీ నాయనా! అట్లాంటోళ్ళు లేకపోతే బండి కదలదా?" హేమ నా వంక ఒకసారి చూసి మళ్ళీ కంప్యూటరు వైపు తిరిగింది.

మోకాలు బాగుపడింది. ఆట మాత్రం మానలేదు. ఏడు నెలలు రోజూ పది గంటలకు డ్యూటీ ఎక్కేవాణ్ణి. చలి లేకపోయినా మెడకు మఫ్లరు చుట్టుకునేవాణ్ణి. నవ్వండి, పర్వాలేదు.

చివరి లోడు వచ్చింది. పెద్ద కనుమ ఎక్కాలి, పైన మంచు తుపాను. కనుమ మొదట్లో ఒక సందు వస్తే దాటేశాను.

"మామా, ఆ సందులో ఆయన జోడీ ఇల్లుండాది. వెనక్కి తీసుకో. పోయి పలకరించొచ్చు."

"లోడు ఎత్తినాక డ్రైవరు వెనక్కి తిరగడు హేమా. ముందు లోడు."

ఇది ధర్మం అనుకుని మీరు చప్పట్లు కొట్టేలోగా అసలు విషయం చెబుతాను. రోడ్డు ఇరుకు, పక్కన లోయ, రివర్స్ తియ్యాలి. అందుకని ధర్మం గుర్తొచ్చింది.

మఫ్లరన్న కనుమ ఎక్కాడు. లోడు దించాడు. తిరిగొచ్చి సీట్లో కూర్చుని స్టీరింగు మీద తల వాల్చాడు. మంచు లారీని నిదానంగా కప్పేసింది. నేను అన్ని బొత్తాలూ నొక్కాను. తర్వాత ఎవరెవరివో పేర్లు కింద నుంచి పైకి పోవడం మొదలైంది.

"లేపు హేమా."

"అయిపోయింది మామా."

"అయిపోవడమేంది? డీజిలుండాది కదా!"

ఆ పూట అన్నం దిగలేదు. పోయినందుకు కాదు, ఎవరూ రానందుకు. మా లారీ స్టాండులో ఎవరు పోయినా ముందర ఫ్లెక్సీ కడతాం, దండ వేస్తాం, ఆ రోజు బండి కదిపే ప్రతివాడూ ఒక్కసారి హారన్ కొట్టి పోతాడు. అన్ని ఊళ్ళకు అన్ని మోసిన మనిషికి మాత్రం మంచే మిగలడమా? ఒప్పుకోలేకపోయాను. అందుకే ఏళ్ళ తరబడి ఫ్లెక్సీల మీద పోరాడిన నేను ఫ్లెక్సీ షాపుకు ఫోను చేశాను. టీవీని సెల్లుతో తీసిన మఫ్లరన్న ఫొటో, కింద సంతాపం తెలిపేవాళ్ళ వరుసలో వేయడానికి నా ఫొటో, అచ్చువేయాల్సిన మాటలూ పంపించి, మా మలుపు స్తంభానికి కట్టమన్నాను. కాసేపటికి షాపువాడు ఫోను చేశాడు.

"పెద్దాయనా, మీరు పంపిన గడ్డమాయన ఫొటో మసకగా ఉండాది. పెద్దది చేస్తే ముక్కు యాడుందో కూడా తెలీదు."

"మంచులో తిరిగిన మనిషప్పా. అట్లనే ఉంటాడు."

"రెండో ఫొటో మాత్రం శానా క్లియర్‌గా ఉండాది. సైజులు నేను సర్దుకుంటా. ప్రూఫ్ పంపిస్తా, ఒకసారి సూడండి."

"నాకు ఏడుపొస్తాండాదప్పా. నువ్వే సూసుకో."

"మరి పేరేమని వెయ్యాల?"

"పేరెందుకు? మొహం చూస్తే తెలీదా?"

ప్రూఫ్ చూడమని ఒక మనిషి నోరు తెరిచి అడిగాడు, నేను వద్దన్నాను. ఈ కథలో ఇంకెవరి తప్పూ లేదు.

మర్నాడు పొద్దున్నే మఫ్లరు చెవుల దాకా చుట్టుకుని పాలకు బయలుదేరాను. ప్యాకెట్టు పట్టుకుని తిరిగొస్తుంటే మలుపు దగ్గర ఎవరో లారీ మనిషి అడిగాడు.

"పెద్దాయన ఇల్లు యాడప్పా? పోయినారంట కదా."

"ఏ పెద్దాయన?"

"అదిగో, ఆయనే."

అతను వేలు చూపించిన ఫ్లెక్సీ మీద ఓరకంట కనపడిన మొహం రోజూ చూసేదే కదా అని, "నేరుగా పోయి ఎడమకు తిరుగు, పచ్చగేటు" అని చెప్తూనే తలెత్తాను. ఆ పచ్చగేటు మాదేనని అప్పుడు తట్టింది.

పైన నేను. నిలువెత్తు. మెడలో అచ్చువేసిన దండ, అటూ ఇటూ దీపాలు. "లోడు దించకుండా ఏనాడూ వెనుదిరగని డ్రైవరన్నకు కన్నీటి వీడ్కోలు." కింద మూలన అగ్గిపెట్టెంత బొమ్మలో మఫ్లరన్న. దాని పక్కన "ఇట్లు, శోకంతో, తోటి డ్రైవరు." పోయినవాడు ఉన్నవాడికి సంతాపం తెలుపుతున్నాడు! పాలప్యాకెట్టు చేతిలోంచి జారిపోయింది.

ఇంటికి వచ్చేసరికి హేమకు ఒకటే ఫోన్లు. "లేదండీ, బాగుండారు. ఇప్పుడే పాలు పారబోసుకోని వచ్చినారు," అని చెప్తూ చెప్తూ నవ్వు ఆపుకోలేక ఫోను దిండు కింద దాచేసింది. మా ఆవిడ ఆ వారం ఐరాలలో వాళ్ళ చెల్లెలింట్లో ఉంది కాబట్టి బతికిపోయాను. షాపువాడు పది దాటితేగానీ రాడు, నేను నిచ్చెన ఎక్కలేను. సరే, రాగిసంగటి ముద్దలో శెనక్కాయల చట్నీ వేసుకుని వసారాలో కూర్చున్నాను.

పదకొండు గంటలకు గేటు తెరుచుకుంది. తల మీద తువ్వాలు, చేతిలో గులాబీల దండ, ఉబ్బిపోయిన కళ్ళు. మునిరత్నం. చిత్తూరు వచ్చిన పాకాల మనిషెవరో ఫ్లెక్సీ చూసి ఆయనకు చెప్పాడట. తొమ్మిదేళ్ళలో ఎంత ముసలివాడయిపోయాడు! నా చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది.

"బతికుండావా?"

"ఉండానప్పా."

"సంగటి తింటాండావా?"

"తింటాండా."

"నేను పాకాల నుంచి ఏడ్చుకుంటా వచ్చినానురా! బస్సులో అందరూ నన్నే సూస్తాండారు. కండక్టరు టిక్కెట్టు కొట్టడం మరిచిపోయి నా వీపు నిమిరినాడు. రేయ్, సావకపోతే ఒక మాట చెప్పేదానికేమిరా?"

"నువ్వు ఫోను చేసినావా?"

"నువ్వు సేసినావా?"

ఇద్దరం గట్టిగా అరుచుకున్నాం. తొమ్మిదేళ్ళ మాటలు ఒకేసారి బయటికి రావాలంటే మెల్లగా ఎట్లా వస్తాయి? ఆయన దండను గేటుకు విసిరి వెనుదిరిగాడు. ఈసారి పోతే ఇక రాడని నాకు తెలుసు. అసలైన ఫ్లెక్సీ కట్టినా నమ్మి రాడు. హేమ గడప దగ్గర నిలబడి అంది.

"మునిరత్నం మామా, మామ ఆ ఫ్లెక్సీ వేయించింది ఎవరికోసమో సూసి పోండి. ఒక లారీ డ్రైవరే."

లారీ అనగానే ఆయన కాలు ఆగింది. ఎవరి కాలు మాత్రం ఆగదు?

హేమ ఆటను కనుమ మొదటికి తీసుకెళ్ళింది. మధ్యలో దాచుకున్న చోటు నుంచి మళ్ళీ ఆడొచ్చట. ఈ ముక్క ముందే చెప్పి ఉంటే ఫ్లెక్సీ ఎందుకు వేయిస్తానని గొడవపడ్డాను. "ఎట్ల ఆడినా చివర్లో ఆయన పోతాడు మామా. కథే అట్లుండాది," అంది. మునిరత్నం మంచం అంచున కూర్చుని అంతా విన్నాడు.

"ఆ సందు జోడీ ఇంటికా? మరి పోలేదేం?"

నేను రిమోటు బొత్తాలు తుడుచుకుంటూ కూర్చున్నాను.

"రివర్స్ తియ్యాల్నా?"

అప్పటికీ తుడుస్తూనే ఉన్నాను.

"తియ్ రా," అన్నాడు.

తీశాను. లారీ లోయలో పడింది. మళ్ళీ తీశాను. మళ్ళీ పడింది. మూడోసారి పడ్డాక ఆయన లేచి, పంచె ఎగ్గట్టి, టీవీ పక్కన నిలబడి, బండి వెనక చరిచినట్టు టీవీ బల్ల మీద అరచేత్తో చరిచాడు.

"రానీ... రానీ... కొంచెం ఎడమకు కొట్టు... రానీ... రేయ్, నిదానం, నీ మామ ఇల్లు కాదు... రానీ... హోల్డాన్!"

సరిగ్గా సందు ముందర ఆగింది లారీ. పెళ్ళి పంక్తిలో ఆయన అన్నది ఎగతాళి కాదు. మా బండి వెనక్కి వచ్చిన ప్రతిసారీ వెనకాల ఆ గొంతు ఉండేది. అంతే.

మఫ్లరన్న తలుపు తట్టాడు. జోడీ తీశాడు. ఇద్దరూ పొయ్యి దగ్గర కూర్చున్నారు. లోడు ఆ జోడీయే పైకి చేర్చాడు. మఫ్లరన్న పొయ్యి పక్కనే కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ పేర్లు. హేమ చెప్పిందే నిజం, మనిషి మిగల్లేదు. కానీ ఈసారి ఎవరో ఒకరు దుప్పటి కప్పారు. హారన్ బొత్తాము ఇంకా పనిచేస్తోందేమోనని నొక్కి చూశాను. మోగింది. మునిరత్నం తల మీది తువ్వాలు తీసి భుజాన వేసుకుని, రిమోటు అందుకుని తనూ ఒకసారి మోగించాడు.

సాయంత్రం వెళ్తూ వెళ్తూ ఫ్లెక్సీ విప్పించి చుట్ట చుట్టుకున్నాడు. వానకు గొడ్లపాక కారుతోందట.

"నన్ను గొడ్ల మీద కప్పుతావా?"

"ఇన్నేళ్ళకు పనికొస్తాండావు. సంతోషపడు."

అంచేత, నా పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరు పోయినా, చివరికి నేనే పోయినా, ప్రూఫ్ చూడకుండా ఫ్లెక్సీకి సరేననను. వెనకాల మునిరత్నం నిలబడనిదే రివర్స్ గేరు మీద చెయ్యి వెయ్యను. ఈ ప్రమాణానికి సాక్షులు పాకాలలో ఉన్న ఆయన మూడు ఆవులు. అచ్చు వైపు లోపలికి వచ్చేట్టు కప్పాడు కాబట్టి, రోజూ నా మొహం చూస్తూ నెమరువేస్తున్నవి అవే.