పూలు వెయ్యని ఏడు

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి. మా లెక్కల సారును చూసిన కళ్లకు దయ్యం ఏపాటి?

మాదాపూర్‌లో కారు నడుపుతాను. పోయిన ఎండాకాలం పరిశోధన చేసే ఒక మేడం నన్ను కిరాయికి పెట్టుకున్నారు. శేరిలింగంపల్లి వైపు, అద్దాల ఆఫీసుల మధ్య మిగిలిన ఒక చెరువులో పొడవాటి గొట్టం దింపి, అడుగు బురద తీయడం ఆమె పని. పైపొర నిన్నటిది, కిందిది తాతల నాటిది. అందులో కంటికి కనపడని పుప్పొడిని చూసి, ఏ కాలంలో ఏ మొక్కలుండేవో, చెరువు ఎప్పుడెండిందో చెబుతారట.

"బురదకు జాతకం చూస్తరన్నట్టు," అన్నాను. మేడం నవ్వారు.

ఆ నవ్వు ఎంతోసేపు లేదు. గొట్టం బయటికి రాగానే పైచివర బాణం గుర్తు గీయడం నా పని. కబుర్లలో పడి మరిచిపోయాను. గట్టు మీద పడుకోబెట్టాక చూస్తే ఏది పైనో, ఏది కిందో తెలియదు. మూతలు విప్పి చూశాం. రెండు వైపులా ఒకటే నల్ల బురద. చెరువులో దిగడానికి అనుమతి ఆ ఒక్క రోజుకే.

"రెండేళ్ల కష్టమండీ ఇది," అన్నారు మేడం. తిట్టినా బాగుండేది.

పట్టపగలు. ఎక్కడినుంచి వచ్చిందో ఒక అవ్వ వచ్చి గొట్టం పక్కన కూర్చుంది. ఒక చివర తట్టింది.

"ఇది పైదిక్కు బిడ్డా. ఈడికెల్లి రెండు జానలు కిందికి సూడు. ఆ ఏడు చెర్ల నీళ్లు లెవ్వు. మేము బతుకమ్మను ఎయ్యలే."

"నువ్వేమన్న ఇంజనీరువా అవ్వా?" అన్నాను. నవ్వింది. నేను వంగి బాణం గీసి తలెత్తేసరికి లేదు. గట్టు మీద చాటుకు ఒక్క చెట్టు కూడా లేదు. ఆమె మాటలు మేడం కూడా విన్నారు, నోటుబుక్కులో రాసుకున్నారు.

కొన్ని నెలలకు మేడం ఫోన్ చేశారు. బాణం సరిగ్గానే ఉందట. కింది నుంచి పైదాకా తంగేడు, గునుగు పుప్పొడి దొరికిందట. బతుకమ్మలో పేర్చి ఏటా చెరువులో వదిలే పూలే అవి. రెండు జానల లోతున, చెరువెండిన సన్నటి పొరలో మాత్రం ఆ పూల జాడే లేదట.

"ఆ పొర ఎప్పటిది మేడం?"

"మీ తాతగారి తాతగారు కూడా పుట్టకముందుదండీ."

"మరి ఆ అవ్వ 'మేము' అన్నదేంది?"

"అది నేను థీసిస్‌లో రాయలేనండీ," అన్నారు.

అటువైపు బుకింగ్ పడితే ఇప్పటికీ గట్టు మీదికి చూపు పోతుంది. బాణం గీసింది నేనే. గీయించింది ఎవరో మాత్రం ఈరోజుకూ చెప్పలేను.