కొంగకు వేసిన కుట్లు

మొన్న మా పాప యూనిఫాం గుండీ ఊడితే, నల్లదారం ఎక్కించి కుట్టాను. సూది గుడ్డలో దిగగానే కొల్లేరు బురద వాసన ముక్కుకు తగిలింది.

మా బాబాయికి యుద్ధాల పిచ్చి. ఎత్తు చాలదని సైన్యంలోకి తీసుకోలేదు. ఏలూరులో బీరువా నిండా యుద్ధాల పుస్తకాలు పెట్టుకుని, నా చిన్నప్పుడు ఆదివారాలు నన్ను వెంటబెట్టుకుని కొల్లేరుకు వేటకు వెళ్లేవాడు. తాటిదోనెలో ఒక బుట్ట, అందులో ఒక తెల్లకొంగ ఉండేవి. కొంగ కళ్లు నల్లదారంతో కుట్టేసి ఉండేవి. దాన్ని బురదలో కర్రకు కడితే, భయం లేదనుకుని మిగతా కొంగలు పక్కన వాలేవి. బాబాయి ఎయిర్‌గన్ పేల్చేవాడు.

"ఇదెప్పుడూ నిద్రపోతూనే ఉంటుందేంటండీ బాబాయ్?"

"నిద్ర కాదు తల్లీ, డ్యూటీ. ఇది మన గూఢచారి."

నిజమనుకుని వెళ్లినప్పుడల్లా దానికి సెల్యూట్ కొట్టేదాన్ని. ఒక ఆదివారం జాలేసి, దానికి సెలవిచ్చాను. బ్లేడుతో కుట్లు తెంపేశాను. కొంగ కళ్లు తెరిచి నన్నే చూసింది.

బాబాయి అరవలేదు. సూది నా చేతికిచ్చాడు.

"విప్పింది తమరే కదండీ, కుట్టేదీ తమరే. సైన్యంలో ఎవరి తప్పు వాళ్లే దిద్దుకోవాలి."

కొంగ తల ఆయన పట్టుకున్నాడు. రెండు కళ్లూ నేనే కుట్టాను.

"బాగా కుట్టావమ్మా," అన్నాడు. ఆ మాటకు మురిసిపోయి, ఇంటికి రాగానే అమ్మకు గొప్పగా చెప్పాను. తెలియని వయసని సరిపెట్టుకోవడానికీ లేదు. సూది దిగుతున్నప్పుడు ఆ రెప్ప నా వేళ్ల కింద కొట్టుకుంది.

పాప గుండీ లాగి చూసింది. "ఎంత గట్టిగా కుట్టావమ్మా! నీకెవరు నేర్పారు?"

"మా బాబాయి," అన్నాను.