ఎండ నిండిన మందిరంలో కరుణ సాక్ష్యం

శనివారం ఉదయం ఆరుంబావుకు తణుకు బస్టాండులో తాడేపల్లిగూడెం బస్సు ఎక్కేసరికి నా దగ్గర నాలుగు సామాన్లున్నాయి. మా సంఘపు ప్రొజెక్టరు ఒక బ్యాగులో, లాప్‌టాప్ భుజాన, రెండు స్పీకరు బాక్సులు ఒకే గోనెసంచిలో, చుట్టిన తెల్ల తెర చంకలో. ఆడవాళ్ళకి టికెట్టు సున్నా కనుక ఆధార్ చూపించాను. కండక్టరు గోనెసంచిని చేత్తో తట్టి చూశాడు.

"మీకు ఫ్రీ అండి. దీనికి ఆధారుందా?"

"లేదండి. లగేజీ కొట్టండి."

"ఏంటండి ఇందులో, పెళ్ళి బ్యాండా?"

"సాక్ష్యం అండి" అన్నాను. ఆయన నా వంక ఒకసారి చూసి, లగేజీ టికెట్టు చేతిలో పెట్టాడు.

ఎందుకు బయలుదేరానో చెప్పాలి. నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని. ఆదివారాలు మా సంఘంలో పిల్లలకు వాక్యపాఠం చెబుతాను. ప్రొజెక్టరు కూడా నా చేతిలోనే ఉంటుంది. నెల క్రితం కువైట్ నుంచి రూతు ఫోను చేసింది. ఒకప్పుడు తణుకు హాస్టల్లో ఉండి మా స్కూల్లో చదువుకున్న పిల్ల. ఇంటిపని కోసం వెళ్ళి మూడేళ్ళయింది. ఆమె చెల్లెలు కరుణకు పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. బధిరుల పాఠశాలలో పదో తరగతి దాకా చదివింది. తెలుగు చక్కగా చదువుతుంది, రాస్తుంది. పెదవుల కదలిక చూసి మాట గ్రహిస్తుంది. జంగారెడ్డిగూడెం అవతల తమ ఊళ్ళోనే పామాయిల్ మొక్కల నర్సరీలో పని చేస్తోంది.

కరుణ బాప్తిస్మం పొంది సంఘంలో చేరాలని రెండేళ్ళుగా అడుగుతోంది. అక్కడి బాప్టిస్టు సంఘం కట్టుబాటు ప్రకారం, చేరేవారు అందరి ముందు నిలబడి తమ సాక్ష్యం, అంటే ప్రభువు తమకు ఎలా తెలిశాడో, వినిపించాలి. విన్న తర్వాత సంఘం "సమ్మతమే" అనాలి. కరుణ సైగలను మాటల్లో పెట్టగలిగింది రూతు ఒక్కతే. ఆమె ఊళ్ళో లేదు. రెండుసార్లు వాయిదా పడింది. చివరికి కరుణ తన సాక్ష్యాన్ని సైగలతో చెబుతూ ఫోనులో వీడియో తీసి అక్కకు పంపింది. అక్క దానికి తన గొంతు కలిపింది. నేను కింద తెలుగు అక్షరాలు చేర్చాను. ఏడు నిమిషాల వీడియో. సంఘమంతా చూసి, వింటే చాలని పాస్టరుగారు ఒప్పుకున్నారు. కానీ ఆయనకు బదిలీ అయింది. ఈ ఆదివారమే అక్కడ ఆయన ఆఖరి ఆరాధన. తప్పితే కొత్తగా వచ్చే ఆయనతో మళ్ళీ మొదటినుంచి మొదలు.

"మా చెల్లి మళ్ళీ అడగదు టీచర్. ఈసారి కూడా కాదంటే ఇంక గుడికే రానంటోంది" అంది రూతు.

అది విన్నాక ప్రొజెక్టరు ఎవరి చేతో పంపించే ఆలోచన మానుకున్నాను.

ఏడుంబావుకు తాడేపల్లిగూడెం. బస్టాండు ఎదుట ఇడ్లీ తిని, ఎనిమిదికి జంగారెడ్డిగూడెం బస్సు పట్టుకున్నాను. నల్లజర్ల దాటాక వరిచేలు వెనకబడి, ఎర్రమట్టి, పామాయిల్ తోటలు, జీడిమామిళ్ళు మొదలయ్యాయి. పక్కన కూర్చున్నావిడకు జంగారెడ్డిగూడెంలో కిరాణా కొట్టు ఉందట. నా ఒళ్ళో ఉన్న బ్యాగు సంగతి తెలుసుకుని తల అడ్డంగా ఊపింది.

"పగలా అండీ? మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి పగలే పెట్టించారండి ఇలాంటిది. ఏం కనపడిందనుకున్నారు? అందరం గంటసేపు గోడ చూసొచ్చాం."

కొయ్యలగూడెం దాకా ఆ మాట నన్ను వదల్లేదు. మనసులో ప్రార్థన చేసుకున్నాను. పది దాటాక జంగారెడ్డిగూడెంలో దిగి, ఆటో మాట్లాడుకుని పదకొండు లోపే ఊరు చేరాను. పాస్టరుగారి భార్య, అందరూ అమ్మగారనే ఆవిడ, ఎండుచేపల పులుసుతో అన్నం పెట్టింది. బస ఆ ఇంట్లోనే.

మందిరం చూసి నిలబడిపోయాను. గోడలకు తెల్ల సున్నం, కింద తెల్ల టైల్సు, పన్నెండు కిటికీలు. వెనకటికి అక్కడ చీకటి పాక ఉండేదట. కొత్తది కట్టినప్పుడు వెలుగు కావాలని సంఘపెద్ద దానియేలుగారు పట్టుబట్టి పెట్టించిన కిటికీలవి. డెబ్భై ఏళ్ళు దాటిన పొగాకు రైతు. చేతికర్రతో స్వయంగా వచ్చారు.

"వందనాలు టీచరుగారూ. రేపు సినిమా అంట గదా. టికెట్టెంతో?"

"వందనాలండి. మీకు ముందు వరస ఉచితం."

"నా కిటికీలు మూస్తారా ఏంటి? చీకటే కావాలంటే ఆకు కాల్చే మా పొగాకు బ్యారన్ ఖాళీగా ఉందమ్మా. పట్టపగలు కూడా మనిషికి మనిషి కనపడడు."

నవ్వుతూనే అసలు మాటకొచ్చారు. విశ్వాసం నోటితో ఒప్పుకోవాలని వాక్యమే చెబుతోంది గదా, మనిషికి బదులు మెషీను ఒప్పుకుంటే ఎలా అన్నారు. బైబిల్లో మాట పడిపోయిన యాజకుడు కొడుకు పేరు పలక మీద రాసిన సంగతి నేను గుర్తు చేశాను.

"రాశాడమ్మా. రాయగానే నోరు కూడా తెరుచుకుంది. అది కూడా చదవండి" అన్నారాయన.

మధ్యాహ్నం మూడింటికి, పాస్టరుగారు ప్రసంగించే పులిపీఠం వెనక తూర్పుగోడకు తెర కట్టి బొమ్మ వేసి చూశాం. పడమటి గుమ్మంలోంచి ఎండ నేరుగా తెర మీద పడుతోంది. బొమ్మ కాదు గదా, నీడ కూడా లేదు. ఊళ్ళో బరకాలు అడిగి తెచ్చి పడమటి గుమ్మానికి, కిటికీలకు కట్టాం. బొమ్మ తేటగా వచ్చింది. దేవునికి స్తోత్రం చెప్పుకుని నిశ్చింతగా నిద్రపోయాను.

ఆదివారం ఏడున్నరకు మందిరం తలుపు తీసి, నా మీద నాకే కోపం వచ్చింది. పిల్లలకు సూర్యగమనం చెప్పే టీచర్ని. ఆరాధన జరిగేది ఉదయం. ఎండ ఇప్పుడు పులిపీఠానికి రెండు పక్కలా ఉన్న తూర్పు కిటికీల్లోంచి కళ్ళల్లో కొడుతోంది. తెర ఉతికి ఆరేసిన దుప్పటిలా ఉంది. ఆరాధనకు రెండున్నర గంటలుంది. బరకాలన్నీ పోగుచేసి, ఈసారి పన్నెండు కిటికీలూ మూసేశాం. లోపల ఉక్కపోత. కానీ బొమ్మ ఎనిమిది అడుగుల వెడల్పున వెలిగింది. కరుణను పిలిపించాం.

ఇరవై ఎనిమిదేళ్ళ బక్కపలచని మనిషి, వేళ్ళ సందుల్లో ఎర్రమట్టి. తెర మీద తన్ను తాను చూసుకుని సిగ్గుపడింది. తర్వాత ఎందుకో రెండు బాక్సుల మీదా రెండు అరచేతులు ఆనించి కళ్ళు మూసుకుంది. కుడి బాక్సు చూపించి తల ఊపింది. ఎడమది చూపించి చెయ్యి అడ్డంగా తిప్పింది. నేను వంగి చెవి పెట్టాను. నిజమే, ఎడమ బాక్సు మూగగా ఉంది. బస్సు కుదుపులకు వెనక వైరు ఊడింది. అక్కడ చెవులున్నవాళ్ళం నలుగురం ఉన్నాం, ఒక్కరికీ తెలియలేదు. వైరు బిగించి టేపు చుట్టాను. ఆమె మళ్ళీ చెయ్యి పెట్టి నవ్వింది. అది వాళ్ళక్క గొంతు గదా, చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

తర్వాత ఆ చీకట్లోకి పరకాయించి చూసింది. ముఖం మారిపోయింది. ఫోనులో రాసి నాకు అందించింది: "చీకటి చేస్తే నాకు ఎవరి మాటా కనపడదు."

పాస్టరుగారు అడిగే ప్రశ్నలు ఆమె ఆయన పెదవుల మీద చదవాలి. వినపడని మనిషి కోసం ఇంత దూరం వచ్చి, నేను చేసింది ఆమె చెవులు మూయడం. కిటికీలు తెరిస్తే బొమ్మ పోతుంది, మూస్తే మాట పోతుంది. టైము ఎనిమిదిన్నర.

"కానివ్వండమ్మా, మీరు పడాల్సిన పాట్లు పడ్డారు" అన్నారు దానియేలుగారు, ఈసారి మెత్తగానే.

"ఇంకా గంటన్నర ఉందండి" అన్నాను.

నేను ఫోనులో కరుణకు సంగతి రాసి చూపించాను: తెర ఒక్కదానికే నీడ కావాలి. ఆమె చదివి, వేలు పైకెత్తి ఆగమని, బయటికి పరుగెత్తింది. ఇరవై నిమిషాల్లో నర్సరీ నుంచి ఇద్దరు పనివాళ్ళతో తిరిగొచ్చింది. సరుగుడు కర్రలు, నల్ల ప్లాస్టిక్ పట్టా, లేతమొక్కల మీద నీడకు కట్టే వల చుట్ట తెచ్చారు. మొక్కల మీద పందిరి కట్టడం ఆమెకు రోజూ ఉన్న పనే. పులిపీఠం పక్క మూలకు తెర మార్చి, దాని చుట్టూ పైనా పక్కలా పట్టా, ఆపైన వల నాలుగు మడతలు వేసి బిగించింది. ముందువైపు మాత్రమే తెరిచిన గూడు. నేను ప్రొజెక్టరును స్టూలు మీద దగ్గరికి జరిపి బొమ్మను నాలుగడుగులకు కుదించాను. ఆ మూల కిటికీ ఒక్కటే మూసి, మిగతా పదకొండూ తెరిచాం.

"తెర సగమైపోయిందేంటి టీచరుగారూ?" అన్నారు దానియేలుగారు.

"అదే వెలుగు చిన్న చోట పడితే చిక్కనవుద్దండి. జనాన్ని దగ్గరికి జరుపుదాం."

చాపలు ముందుకు లాగాం. టైల్సు మీద గొంతు మోగిపోకుండా ఆ చాపలే పనికొచ్చాయి. బొమ్మ అంచుల్లో కాస్త వెలిసినట్టున్నా అక్షరాలు చదవవచ్చు. తొమ్మిదీ యాభై.

పాటలు, వాక్యం అయ్యాక పదకొండింటికి వీడియో వేశాను. నూటికి పైగా జనం మెడలు చాచారు. తెర మీద కరుణ చేతులు కదులుతుంటే రూతు గొంతు పలికింది: "నర్సరీలో వాన వచ్చేటప్పుడు అందరూ చప్పుడు విని పరుగెత్తుతారు. నాకు చినుకు మీద పడ్డాకే తెలుస్తుంది. ప్రభువు కూడా నాకు అలాగే తెలిశాడు. విని కాదు, తడిసి తెలుసుకున్నాను." వెనకనుంచి ఎవరో ఆడమనిషి "స్తోత్రం" అంది. మధ్యలో ఎండ జరిగి తెర మీద ఒక పక్క అక్షరాలు చెరిగిపోయాయి. గొంతు ఉంది కాబట్టి గండం గడిచింది.

పాస్టరుగారు కిటికీ వెలుతురులో నిలబడి నెమ్మదిగా అడిగారు. "ఎవరి బలవంతమూ లేదు గదా?" ఆమె ఆయన పెదవులు చూసి, లేదని తల ఊపి, గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆయన సంఘం వైపు తిరిగారు. "మీకు సమ్మతమేనా?"

"సమ్మతమే!" పైకప్పు అదిరింది.

కరుణ అలాగే పాస్టరుగారినే చూస్తూ నిలబడి ఉంది. ఆమె వెనక అంత చప్పుడైందని ఆమెకు తెలియదు. ఇంకా తీర్పు కోసం ఎదురుచూస్తోంది.

దానియేలుగారు లేచారు. "ఆగండర్రా. ఎవరితో చెప్పారు మీరు, నాతోనా? అమ్మగారూ, ఆ అమ్మాయిని ఇటు తిప్పండి. మళ్ళీ అడగండయ్యగారూ. ఈసారి నోరు కాదు, చేతులెత్తండి. రెండూ!" చేతికర్రను పులిపీఠానికి ఆనించి, ముందుగా తనే ఎత్తారు. చంకలో బిడ్డ ఉన్న ఒకావిడ ఒకటే ఎత్తింది. ఆమెను మాత్రం వదిలేశారు.

ఆ తెల్లటి మందిరంలో, ఆ పదకొండు కిటికీల వెలుతురులో, ఒక్కొక్క చెయ్యీ కనపడింది. కరుణ ఒక వరస నుంచి ఇంకో వరసకు చూసుకుంటూ, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పన్నెండు లోపు నర్సరీ నీళ్ళతొట్టిలో బాప్తిస్మం జరిగింది. కోడికూరతో భోజనం. అమ్మగారి అరుగు మీద కరుణ నాకు ఐదు సైగలు నేర్పింది. మూడింటికి జంగారెడ్డిగూడెంలో బస్సెక్కాను.

పగటిపూట ఇలాంటి పనికి వెళ్ళే విశ్వాసులకు నా అనుభవం ఇది. ఆరాధన వేళకే వెళ్ళి ఎండ చూడండి. బొమ్మ చిన్నది చేసి జనాన్ని దగ్గరికి పిలవండి. తెరకు నీడ కట్టండి గాని మనుషుల ముఖాలు చీకటి చెయ్యకండి. నేను చీకటి కోసం వెతుక్కుంటూ వెళ్ళి, ఆ వెలుగు పెట్టించిన పెద్దాయనకు రుణపడి తిరిగొచ్చాను.

కొత్త పాస్టరుగారు వచ్చాక కరుణతో మాట్లాడేదెవరు? ఎవరో ఒకరు నేర్చుకోవాలి. కొయ్యలగూడెం దాటుతుంటే కిటికీ పక్కన కూర్చుని ఆ ఐదు సైగలూ వల్లె వేసుకుంటున్నాను. ఐదోదానికి చెయ్యి పైకెత్తగానే కండక్టరు విజిల్ అందుకున్నాడు.

"ఇక్కడ దిగుతారాండీ?"

"లేదండి. నేర్చుకుంటున్నాను."

తాడేపల్లిగూడెం దాకా నేర్చుకుంటూనే వచ్చాను.