పిట్టల తిప్ప మీద మా తాత దేవుడు

మా తాత జనార్దనం ఆళ్లగడ్డలో శిల్పి. రోజంతా దేవుళ్లను చెక్కుతాడు గానీ గుడికి రమ్మంటే మోకాళ్లు నొప్పంటాడు. "పొద్దస్తమానం ఆయన ముక్కూ చెవులూ నేనే చేస్తాంటి. మళ్లా పోయి ఏం సూడాల?" అనేవాడు. ఆ మాటకు మా అవ్వ మహానందమ్మ లెంపలు వేసుకునేది, ఆయన వేసుకోవాల్సినవి కూడా కలిపి.

అంతటి మనిషి ఇప్పుడు ఒక్క దేవుడి పేరు చెబితే తల దించుకుంటాడు.

నంద్యాల వ్యాపారి వేణుమాధవ్ ఇంట్లో పూజకు మూరెడు నరసింహస్వామి కావాలన్నాడు. తాత అంతా చెక్కేశాడు. ఇక కళ్లు చెక్కి తెరిపించడమే మిగిలిందనగా ఉలి జారి ఒక కోర ఎగిరిపోయింది. విరిగిన విగ్రహం పూజకు పనికిరాదు, ఇంట్లోనూ ఉంచకూడదు. లోతు నీళ్లలో వదిలేయాలి. తాత ఇంకోటి చెక్కి ఆటోలో తీసుకుపోయి నంద్యాలలో ఇచ్చేసి, గోనెసంచిలో చుట్టి తెచ్చిన విరిగినదానితో అదే ఆటోలో వెలుగోడు జలాశయానికి పోయాడు.

అక్కడ శేషయ్య నడిపే పడవ ఎక్కాడు. నీళ్ల నడుమ అడవిశాఖ హద్దులో ఒక తిప్ప ఉంది. ఎండాకాలంలో నీళ్లు తగ్గినప్పుడు దాని గులకనేల మీద పిట్టలు గుడ్లు పెడతాయి. అందుకే పిట్టల తిప్ప అంటారు. అప్పుడు వానాకాలం కాబట్టి పిట్టలు లేవు, కాపలావాళ్లూ లేరు. "అవతలిపక్క లోతుంటాది, ఆడ వదిలొస్తా" అని శేషయ్యను పడవలోనే ఉండమని తాత సంచితో దిగాడు. నీటి అంచుదాకా పోయాడు గానీ చేతులు రాలేదు.

"ఇన్నాళ్లు నా ఎదురుగా కూచున్నోన్ని ఎట్ల ముంచేదే?" అని తర్వాత నాతో అన్నాడు.

తిప్ప నెత్తిన ముళ్లపొద కింద స్వామిని కూర్చోబెట్టి, ఖాళీ సంచితో తిరిగొచ్చాడు.

ఎండాకాలం వచ్చేసరికి చేపలు పట్టేవాళ్ల కంట స్వామి పడ్డాడు. కోర లేదు, కళ్లు తెరవలేదు. ఇంకేం, కోపం చల్లారి ధ్యానంలో కూర్చున్నాడన్నారు. శాంత నరసింహుడని పేరు పెట్టారు. మనిషి చేత్తో ఇంత అందం రాదు, తానే వెలిశాడన్నారు. మా తాత పనికి జన్మలో దక్కిన అతి పెద్ద మెప్పు అదే. పాపం, అందులో ఆయన పేరే లేదు.

అంతకుముందు గుడ్ల కాలంలో తిప్ప మీద ఎవరినీ దిగనిచ్చేవారు కాదు. మిగతా నెలల్లోనూ కొన్ని పడవలే, అవీ దూరం నుంచి చుట్టి రావాల్సిందే. స్వామి వెలిశాక ఆ కట్టడి ఎగిరిపోయింది. అడవిశాఖ ఆఫీసరు సింధూజ ఒడ్డున తాడు కట్టి అడ్డం నిలబడితే, "దేవునికి సెలవులు ఇస్తాండావా ఏందమ్మా?" అని జనం తాడు కింద దూరిపోయేవాళ్లు.

అవ్వ కూడా పోదామంది. తాత వడదెబ్బ తగులుతుందన్నాడు. "స్వామే ఎండలో కూచున్నాడు, నాకేమొస్తాది?" అని అవ్వ టెంకాయ సంచిలో వేసింది. ఇద్దరికీ తోడు నేను.

తిప్ప మీద అవ్వ సాష్టాంగపడింది. తాను వద్దనుకున్న విగ్రహానికి భార్య మొక్కుతుంటే చూడలేక తాత వెనక్కి జరిగాడు. కాలికింద ఏదో చితికింది. రాళ్లలో రాయిలా ఉన్న గుడ్డు. పిట్టలు నెత్తి మీద అరుస్తూ తిరుగుతున్నాయి.

సింధూజ వచ్చి పక్కన కూర్చుంది. తిట్టలేదు. తిట్టి ఉంటే తాతకు కొంత నయంగా ఉండేది.

"మనుషులు దిగితే తల్లి ఎగిరిపోతాది తాతా. దాని నీడ లేకుంటే ఈ ఎండకు గుడ్డు ఉడికిపోతాది. ఇది పగిలింది కాబట్టి కనపడింది. మిగతావి పైకి బాగానే ఉన్నాయి."

ఇంటికొచ్చాక తాత ఉలి పట్టలేదు. కారమే లేని కూరను కారమని పక్కకు నెడితే నేను పట్టేశాను. అప్పుడు చెప్పాడు జరిగిందంతా.

"అందరికీ చెప్పేయ్ తాతా."

"విరిగిన దేవునికి జనంతో మొక్కించినోడంటారు. ఇంగ నాకు పనిచ్చేదెవురు? మీ అవ్వ నన్ను ఇంట్లోకి రానిస్తాదా?"

"మరి చెప్పకపోతే?"

తాత కాలి మడమ తుడుచుకున్నాడు, దానికేమీ అంటుకోకపోయినా.

శనివారం రద్దీ ఎక్కువని తెలిసీ, ఆ రోజే మమ్మల్ని వెంటబెట్టుకుని ఒడ్డుకు పోయాడు. పడవల దగ్గర నిలబడి గొంతు చించుకున్నాడు. "అప్పా, ఆ స్వామి వెలిసినోడు కాదు. నేను చెక్కినోడు. కోర విరిగితే ఆడ పెట్టి పోయినా. తప్పు నాది. తిప్ప మీదికి పోవాకండి, పిట్టలు సస్తాండాయి."

శేషయ్య ఆయన్ను పక్కకు లాగాడు. "నాకు తెలీదా అన్నా? సంచిలో స్వామితో దిగి ఉట్టి సంచితో ఎక్కితివి. స్వామి కళ్లు మూసుకున్నట్ల నువ్వూ నోరు మూసుకోరాదూ? నా పడవ నడుస్తాంది."

జనంలో ఒకాయన అన్నాడు, "నువ్వు చెక్కలేదులే పెద్దాయనా. నీ చేత స్వామే చేయించుకున్నాడు." అందరూ అవునన్నారు. ఇద్దరు తాత కాళ్లకు మొక్కారు. తిట్లు తినడానికి తెగించి వచ్చిన మనిషి, కాళ్లు దాచుకోలేక గంతులేశాడు.

అవ్వ మాత్రం మొక్కలేదు. "నేను ఆడ పడి మొక్కుతాంటే పక్కనే నిలబడి చూస్తివే. అప్పుడు నోట్లో ఏముండె?"



తాత మాటకు కదలని జనాన్ని కదిలించింది ఒడ్డున శనగలు అమ్మే పద్మమ్మ. "నేను ఆ పడవ ఎక్కలేను, దిగలేను. ఇన్ని దినాల్నుంచి స్వామిని చూసిందే లేదు. చేసినోడే ఒప్పుకుంటాండె కదా, ఈడికి తెస్తే నేనూ చూస్తా కదప్పా." పడవ ఎక్కలేని ముసలివాళ్లు ఒక్కొక్కరే ఆమె వెనక చేరారు. సింధూజ సందు దొరకబుచ్చుకుంది: స్వామి ఒడ్డున ఉంటాడు, గుడ్ల కాలంలో తిప్ప మూత, మిగతా నెలల్లో చుట్టి రావడమే, అదీ శేషయ్య పడవలోనే. ఆ ఆఖరి మాటతో శేషయ్యకూ భక్తి కుదిరింది.

స్వామి ఒడ్డుకొచ్చాడు. తిప్ప మీద గుడ్లు మాత్రం ఆ ఏడాదికి ఒక్కటీ పిల్ల కాలేదు. అవ్వ తాతతో మాట్లాడటానికి మరుసటి ఉగాది పచ్చడిదాకా ఆగింది.

తర్వాతి వేసవికి ముందు తాత, అడక్కుండానే, ఒక బండ మీద "తిప్ప మీద దిగరాదు" అని చెక్కి ఇచ్చాడు. దేవుడి వేళ్లు పదీ తేడా లేకుండా చెక్కే మనిషి చివరి 'ద'కు కొమ్ము మరిచాడు. దగ్గరుండి దిద్దించాను, నా చదువు అక్కడికైనా పనికొచ్చింది.

ఆ వేసవి మేం పోయేసరికి సింధూజ ఎదురొచ్చింది. "తాతా, కొన్ని జతలు తిరిగొచ్చినాయి. పిల్లలు కూడా లేచినాయి. మీరొక్కరు రండి, నేను చూపిస్తా."

"కొన్నేనా?"

"ఈసారికి కొన్నే."

తాత నీళ్ల వైపు చూశాడు. చూడాలని ఎంత ఉందో ఆయన మెడ చెబుతోంది.

"నేను రానమ్మా" అన్నాడు. "నేనొక్కన్ని దిగే కదా ఇంత చేసింది."

నేను పోయి చూసొస్తానన్నాను. నా జడ పట్టుకుని పక్కన కూర్చోబెట్టాడు.